బండి బాగోగులు: ఎల్‌ఈడీ బల్బులు వేయించాలా, వద్దా?

(విజయవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్న మిస్త్రీ ఈ శీర్షికలో జవాబులు ఇస్తారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లైట్ల గురించే.)

ప్రశ్న: నేను గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఉండేది గిద్దలూరు. మాది 2013 మోడల్ వ్యాగన్ ఆర్, 94 వేల కిలోమీటర్లు తిరిగింది. మా అత్తగారిది నంద్యాల కావడంతో నెలకు రెండు మూడుసార్లు నల్లమల ఘాట్ మీదుగా రాత్రిపూట రావాల్సి వస్తోంది. ఏడాది, ఏడాదిన్నరగా హెడ్‌లైట్ల వెలుగు తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు డిమ్‌లో రోడ్డు సరిగా కనపడక టెన్షన్ పడుతున్నాను. షాపులో అడిగితే ఎల్‌ఈడీ వేయించుకోండి, జత 3,500, రోడ్డంతా పట్టపగల్లా ఉంటుంది, మైలేజీ కూడా పెరుగుతుంది అన్నారు. మా అబ్బాయి వెంటనే వేయించమంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: మాస్టారూ, ఆ 3,500 ఇప్పుడే ఖర్చు పెట్టకండి. మీ ఉత్తరంలో ‘తగ్గుతూ వచ్చింది’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మీ బండిలో ఉన్న హాలోజెన్ బల్బు అలా తగ్గుతూ పోదు. వెలిగినన్నాళ్లూ ఇంచుమించు ఒకేలా వెలిగి, ఒకరోజు ఫిలమెంటు తెగి ఆరిపోతుంది. వెలుగు మెల్లమెల్లగా తగ్గిందంటే బల్బు మంచిదే, జబ్బు ఇంకెక్కడో ఉంది. ఆ జబ్బు అలాగే ఉంచి బల్బు మారిస్తే డబ్బులు పోతాయి.

ముందుగా పొద్దున్నే ఎండలో హెడ్‌లైట్ అద్దం చూడండి. అద్దం అంటున్నాను గానీ అది గాజు కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. మీ బండికి పన్నెండేళ్లు దాటాయి. గిద్దలూరు, నంద్యాల ఎండలకు దాని పైపూత పోయి, పసుపుపచ్చగా, మసకగా అయిపోయి ఉంటుంది. లోపల ఎంత మంచి బల్బు వెలిగినా అది మసక గాజు వెనక దీపం లాంటిదే. నీళ్లు పోస్తూ 1000, 2000, 3000 నంబరు ఎమెరీ కాగితాలతో వరసగా రుద్ది, కాంపౌండ్‌తో పాలిష్ పట్టిస్తే తేటబడుతుంది. అయితే పాలిష్ అయ్యాక యూవీ కోటింగ్ (ఎండ దెబ్బ నుంచి కాపాడే పూత) తప్పకుండా వేయించండి. చాలామంది అది వదిలేస్తారు. నాలుగైదు నెలలకే మళ్లీ పచ్చబడితే పని చేసినవాణ్ని తిట్టుకుంటారు.

రెండోది వైరింగ్. పోయిన నెల తెనాలి నుంచి ఒక పెద్దాయన మీలాగే వెలుగు తగ్గిందని కారు తెచ్చారు. ఇంజన్ ఆన్‌లో పెట్టి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే 13.9 వోల్టులు చూపించింది. లైట్లు వేసి, బల్బు హోల్డర్ వెనక మీటర్ పెడితే 11.6. దారిలో రెండు వోల్టులకు పైగా పోతోంది. బల్బుకి తగిలించే కప్లర్ (వైర్ల ప్లగ్గు) ఊడదీశాను. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ ఒక మూల కాలిన రొట్టె రంగులో ఉంది, లోపలి పిన్ను వదులై నల్లబడింది. బ్యాటరీ ట్రే కింద ఎర్త్ బోల్టు చుట్టూ తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. బల్బు దగ్గర వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గడంతో ఆగదు, మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది. ఈయన బండిలో వెలుగు సగమే వస్తోందన్నమాట. ఎర్త్ గీకి, కొత్త సిరామిక్ హోల్డర్లు పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా కరెంటు ఇచ్చే రిలే స్విచ్చు వేశాను. మీటర్ 13.4 చూపించింది. అన్నీ కలిపి 1,200 అయింది. బల్బులు పాతవే. ఆయన సాయంత్రం దాకా షాపులోనే కూర్చుని, చీకటి పడ్డాక గోడ మీద లైటు వేసి చూసుకుని గానీ కదల్లేదు.

ఇక ఎల్‌ఈడీ సంగతి. దాని వెలుగు గొప్పదే, కాదనను. కానీ మీ బండి రిఫ్లెక్టర్‌ను, అంటే బల్బు వెనక వెలుగుని ముందుకు కొట్టే మెరుపు గిన్నెను, తయారు చేసింది ఆ బల్బు కోసం కాదు.

మీ దాంట్లో ఉన్నది హెచ్4 బల్బు. గాజు ముట్టుకోకుండా అడుగున రేకు పట్టుకుని ఒకసారి చూడండి. లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి 60 వాట్లు బ్రైట్‌కి, ఒకటి 55 వాట్లు డిమ్‌కి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న చెంచా లాంటి రేకు కనిపిస్తుంది. ఆ రేకుతోనే ఉంది అసలు పనంతా. డిమ్ వేసినప్పుడు వెలుగు రిఫ్లెక్టర్ అడుగు సగానికి తగలకుండా ఆ చెంచా అడ్డుకుంటుంది. పైసగానికి తగిలిన వెలుగు రోడ్డు మీదికి దిగుతుంది. అడుగు సగానికి తగిలితే అది పైకి లేచి ఎదురొచ్చేవాడి కళ్లలో పడేది. ఫిలమెంటు మన వడ్లగింజంత కూడా ఉండదు. అది ఎక్కడ ఉంటుందో మిల్లీమీటరులో భాగాల దాకా లెక్కగట్టి, దాన్ని బట్టి రిఫ్లెక్టర్ వంపులు గీస్తారు.

ఎల్‌ఈడీ బల్బులో ఫిలమెంటు ఉండదు. ఒక పలక, దానికి అటూ ఇటూ చిప్పులు. పలక మందం ఉంటుంది, చిప్పులు వెడల్పు ఉంటాయి, వెలుగు చుట్టూ కాకుండా రెండు పక్కలకే పోతుంది. అసలు ఫిలమెంటు ఉండాల్సిన చోటికి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే చాలు, వంపులన్నీ తప్పు చోటికి వెలుగు కొడతాయి. కొంత ఆకాశంలోకి, కొంత చెట్ల మీదికి, చాలా భాగం బండి ముందు పది పదిహేను మీటర్లలోకి పోతుంది. ఆ దగ్గర రోడ్డు తెల్లగా వెలిగిపోతుంటే మనకు వెలుగు పెరిగిందనిపిస్తుంది. నిజానికి ఆ తెలుపుకి కంటిపాప ముడుచుకుని, దూరాన ఉన్న గేదె, రోడ్డు పక్కన నడిచే మనిషి ఇంకా చీకట్లోకి పోతారు. ఘాట్‌లో మీకు కావలసింది దగ్గరి వెలుగు కాదు, దూరం.

నేను ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2021 డిసెంబర్‌లో మా బావ అడిగితే ఆయన కారుకు నా చేతులతోనే ఎల్‌ఈడీలు వేశాను. షాపు ముందు గోడ మీద వెలుగు పాలు పోసినట్టు పడింది, ఇద్దరం సంతోషపడ్డాం. వారం తిరక్కుండానే ఒక రాత్రి నేను నున్న దాటి ఆగిరిపల్లి రోడ్డులో బైకు మీద వెళ్తున్నాను. ఎదురుగా ఒక కారు వచ్చింది. డిమ్‌లోనే ఉంది, అది నాకు తెలుస్తోంది, అయినా కళ్లు పచ్చటి మచ్చలు కట్టేశాయి. రోడ్డు అంచు కనపడక ముందు చక్రం మట్టిలోకి దిగింది. బ్రేకు వేసి ఆగాక చూస్తే నాకు రెండు గజాల ముందు, పక్కన మామిడి తోటలోంచి వచ్చిన ఒకావిడ తలమీద గడ్డిమోపుతో నిలబడి ఉంది. నేనామెని చూడనే లేదు. ఆ కారు కొంత దూరం పోయి ఆగింది. దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది మా బావ. ఏమైందిరా అని భుజం పట్టుకున్నాడు. నాకు కాసేపు మాట రాలేదు. మర్నాడు పొద్దున్నే ఆ బల్బులు పీకేసి పాతవి పెట్టేశాను. అప్పటి నుంచి రిఫ్లెక్టర్ హెడ్‌లైట్లలో ఎల్‌ఈడీ వేయమని ఎవరు అడిగినా వేయను. గిరాకీ పోయినా సరే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 106వ రూలు ఉంది. లైటుకు 8 మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తులో కన్ను పెట్టి చూసే మనిషికి ఆ వెలుగు కళ్లు చెదరగొట్టకూడదని దాని సారం. మీటరున్నరకు అటూ ఇటూ ఉండేవి ఎవరి కళ్లో ఆలోచించండి. బైకు మీద ఉన్నవాడివి, ఎదురు కారులో డ్రైవర్‌వి, బడి నుంచి నడిచొచ్చే పిల్లలవి. కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది. జర్మనీలో 2020 నుంచి ఓస్రామ్ అనే బల్బుల కంపెనీ వాళ్ల ఎల్‌ఈడీ బల్బుకి అనుమతి ఇచ్చారు, అయితే అన్ని కార్లకూ కాదు. ఒక్కో మోడల్ హెడ్‌లైట్‌లో పెట్టి పరీక్ష చేసి, ఫలానా కారుకి సరే అని జాబితా ఇస్తారు. మన షాపుల్లో అమ్మే బల్బులకు అలాంటి పరీక్ష ఎవరు చేశారు?

అట్టపెట్టె మీద 20,000 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని రాసి ఉంటే నమ్మకండి. మీ హెచ్4 బ్రైట్‌లో ఇచ్చేది సుమారు 1,650, డిమ్‌లో సుమారు 1,000. 25 వాట్ల ఎల్‌ఈడీ నుంచి రెండున్నర వేలకు అటూ ఇటూ వస్తే అదే ఎక్కువ.

మైలేజీ లెక్క మీరే వేయండి, మీరు లెక్కల మాస్టారు. రెండు డిమ్ బల్బులు 110 వాట్లు. ఎల్‌ఈడీ జత ఒక 50. మిగిలేది 60 వాట్లు. మీ ఇంజను శక్తి సుమారు 50 వేల వాట్లు. ఆ 60 పెట్రోలు బంకులో కనపడదు.

ఇంకో మాట. ఎల్‌ఈడీ బల్బుకి వేడి వెనక్కి పోతుంది కాబట్టి వెనక ఫ్యానో, రేకుల హీట్‌సింకో ఉంటుంది. అది పట్టక వెనక రబ్బరు బూటు కోసేస్తారు, కొందరైతే తీసి పారేస్తారు. ఒక్క వానాకాలం చాలు, హెడ్‌లైట్‌లోకి చెమ్మ దిగి రిఫ్లెక్టర్ మీది మెరుపు పొర లేచిపోతుంది. అప్పుడు మార్చాల్సింది బల్బు కాదు, మొత్తం హెడ్‌లైట్.

అద్దం తేటబడి, వోల్టేజి సరిపడాక, ఓస్రామో ఫిలిప్సో 60/55 హాలోజెన్ జత కొత్తది వేయించండి. 100/90 వాట్లది ఇస్తామంటే వద్దనండి, హోల్డర్లు కరుగుతాయి. రెండూ ఒకేసారి మార్చండి. ఆ తర్వాత అందరూ మర్చిపోయే పని ఒకటుంది, లైటు ఎత్తు సరిచేయడం. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించి, చదునైన చోట గోడకి 10 మీటర్ల దూరంలో బండి ఆపండి. డ్రైవర్ సీట్లో మనిషిని కూర్చోబెట్టండి. నేల నుంచి హెడ్‌లైట్ మధ్యకి ఎత్తు కొలిచి గోడ మీద సుద్దతో అదే ఎత్తున గీత గీయండి. డిమ్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకి 10 సెంటీమీటర్లు కిందుగా పడాలి. ఎడమ పక్క మాత్రం అంచు కాస్త పైకి లేస్తుంది, అది తప్పు కాదు. మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి రోడ్డు పక్కన నడిచే మనిషి కనపడాలని అలా చేస్తారు. పండగకి అత్తగారింటికి డిక్కీ నిండా సామాను వేసుకుని పోయేటప్పుడు వెనక దిగి ముందు లేస్తుంది. మీ బండిలో స్టీరింగ్ దగ్గర 0, 1, 2, 3 అంకెల గుండ్రటి బటన్ ఉంటే దాన్ని తిప్పి లైటు దించండి.

ఈ పనులన్నీ మీకు రెండు రెండున్నర వేలలో అయిపోతాయి. చేయించాక హోల్డర్ దగ్గర మీటర్ ఎంత చూపించిందో నాకు రాయండి.

ప్రశ్న: మా కారులో ప్రొజెక్టర్ లైట్లున్నాయి. వాటిలో ఎల్‌ఈడీ వేయవచ్చా? (ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్)

జవాబు: ప్రొజెక్టర్‌లో ముందు గుండ్రటి లెన్సు, దాని వెనక వెలుగుని అడ్డంగా కోసే రేకు ఉంటాయి కాబట్టి పైకి లేచే వెలుగు తగ్గుతుంది. రిఫ్లెక్టర్ అంత ప్రమాదం లేదు. కానీ దూరానికి పోయే వెలుగు చాలా బండ్లలో తగ్గడం నేను చూశాను, 52వ సెక్షన్ దీనికీ వర్తిస్తుంది. నేనైతే హాలోజెనే ఉంచుతాను.

ప్రశ్న: నేను ఖమ్మంలో నర్సుని. నైట్ డ్యూటీ దిగి కారెక్కాక లోపలి లైటు ఆపడం రెండుసార్లు మర్చిపోయాను, పొద్దున బ్యాటరీ డౌన్. దానికి ఎల్‌ఈడీ వేస్తే ఉపయోగమా?

జవాబు: వేయించండమ్మా, ఇక్కడ మాత్రం కళ్లు మూసుకుని వేయించవచ్చు. క్యాబిన్ బల్బు 10 వాట్లు ఉంటుంది, అదే వెలుగు ఇచ్చే ఎల్‌ఈడీ ఒకటి ఒకటిన్నర వాటు తింటుంది. పది గంటలు మర్చిపోయినా మంచి బ్యాటరీ అయితే పొద్దున బండి స్టార్ట్ అవుతుంది. డిక్కీ లైటు, నంబరు ప్లేటు లైటు కూడా మార్పించుకోండి. రేటు జతకి 200, 300 మించదు. నీలంగా ఉండే తెలుపు కాకుండా కాస్త పసుపు కలిసిన ‘వార్మ్ వైట్’ అడగండి. రాత్రంతా మెలకువగా ఉన్న కళ్లకి అది హాయిగా ఉంటుంది.

ప్రశ్న: వైజాగ్‌లో ట్యాక్సీ నడుపుతాను. బ్రేక్ లైట్లకు తెల్ల ఎల్‌ఈడీలు వేశాను. పాతవాటికంటే తక్కువ వెలుగుతున్నాయని వెనక వచ్చేవాళ్లు అంటున్నారు. ఎందుకని?

జవాబు: తమ్ముడూ, మామూలు బల్బు వెలుగులో ఎరుపు దండిగా ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీ అసలు నీలం చిప్పు, దాని మీద పసుపు పొడి పూసి తెలుపు తెప్పిస్తారు. ఆ నీలం చిప్పు కనిపెట్టిన, జపానులో పుట్టిన ముగ్గురికి 2014లో నోబెల్ వచ్చింది. ఆ తెలుపులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర అద్దం ఎరుపుని తప్ప మిగతా రంగుల్ని ఆపేస్తుంది కాబట్టి నీ లైటులో సగం పైన లోపలే ఆగిపోతోంది. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టాలి. అది కూడా పక్కలకీ వెలుగు పోయేలా చుట్టూ చిప్పులున్నది చూడు, లేకపోతే నడిమధ్య చుక్కలా వెలుగుతుంది. పెట్టాక పార్కింగ్ లైటుకీ బ్రేకుకీ తేడా స్పష్టంగా తెలుస్తోందా అని 30 అడుగుల వెనక నిలబడి చూడు. తేడా తెలియకపోతే పాత 21/5 వాట్ల బల్బులే పెట్టెయ్.

ఎల్‌ఈడీకి నిజంగా మేలున్న చోటు బ్రేక్ లైటే. ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది, ఎల్‌ఈడీ నొక్కగానే వెలుగుతుంది. 80 స్పీడులో ఆ కాస్త టైములో వెనక బండి నాలుగు మీటర్లకు పైగా వచ్చేస్తుంది. కొత్త కార్లలో కంపెనీయే వెనక ఎల్‌ఈడీ ఇస్తున్నది ఇందుకు కూడా.

ప్రశ్న: ఇండికేటర్లకు ఎల్‌ఈడీలు వేశాక టకటకమని చాలా స్పీడుగా కొట్టుకుంటున్నాయి. షాపులో రెసిస్టర్ పెట్టారు. ఇప్పుడు స్పీడు సరిగానే ఉంది గానీ ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది. (ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: బాబూ, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు వెళ్లి ఆ రెసిస్టర్ ఎక్కడ కట్టారో చూడు. ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే ఫ్లాషర్‌కి 21 వాట్ల బల్బు అలవాటు. ఎల్‌ఈడీ రెండు మూడు వాట్లే లాగేసరికి బల్బు పోయిందనుకుని, నిన్ను హెచ్చరించడానికి వేగంగా కొట్టుకుంటుంది. దాన్ని మభ్యపెట్టడానికి 6 ఓముల రెసిస్టర్ కట్టి, పాతిక ముప్పై వాట్లను వేడిగా తగలేస్తారు. హజార్డ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి) వేసి పది నిమిషాలు ఆగితే అది చేయి కాలేంత వేడెక్కుతుంది. నీ బండిలో దాన్ని టేపుతో వైర్ల కట్టకో, ప్లాస్టిక్ బాడీకో చుట్టి ఉంటారు. వెంటనే తీయించు. విడి ఫ్లాషర్ ఉన్న బండి అయితే ఎల్‌ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ దొరుకుతుంది, అది మారిస్తే రెసిస్టర్ అక్కర్లేదు. ఫ్లాషర్ కంప్యూటర్‌లో కలిసి ఉన్న కొత్త బండి అయితే పాత బల్బులు పెట్టుకో. తీశాక ఆ చోట వైర్ల పైతొడుగు మెత్తబడిందేమో వేలితో నొక్కి చూడు. మెత్తబడితే ఆ ముక్క కోసి కొత్త వైరు వేయించు, టేపు చుట్టి వదిలేయొద్దు.